క్యారంబోర్డు వచ్చేదాకా

1969 ఏప్రిల్ 13, ఆదివారం

ఆరాధన అయ్యాక సంఘం కూర్చున్నది. ఈస్టరు కానుకల్లో మిగిలిన దానితో యూత్ వాళ్ళకు కొత్త క్యారంబోర్డు కొనాలని తీర్మానం. పెద్దల్లో ఒకరిద్దరు మూతి ముడిచారు, కాయలు కొట్టే ఆట జూదానికి చుట్టమని. పాస్టరు అయ్యగారు నవ్వారు. బడులూ కాలేజీలూ మూతపడి పిల్లలంతా గోడల మీద కూర్చుంటున్నారు, కాయలన్నా కొట్టుకోనివ్వండి అన్నారు.

మంచి బోర్డు చూసి తెచ్చేదెవరు అంటే అందరూ నా వైపు తిరిగారు. మొయినాబాద్ దవాఖానలో పద్దెనిమిదేళ్ళుగా మందు చుక్కల లెక్కన కొలిచే కాంపౌండరును కాబట్టి ఏ వస్తువైనా స్వామిదాసు చూస్తే చాలునని వీళ్ళకొక నమ్మకం. పోయిన ఏడు పెట్రోమాక్స్ దీపం కూడా నేనే చూసి తెచ్చాను. అది ఈనాటికీ సరిగ్గా వెలగదు, అది వేరే సంగతి.

అప్పుడు మా అబ్బాయి గిద్యోను లేచాడు. కాలేజీ బంద్ అయి, హాస్టలు ఖాళీ చేసి వాడు మా ఊరికి, చిన్న మంగళారానికి వచ్చి నెల దాటింది. "బాపుకు ఆట రాదు. నేను గూడ పోత. బోర్డు తెచ్చి అందరికి ఆట నేర్పిస్త" అన్నాడు. సంఘం ముందు నిలబడి ఒప్పుకున్నాడు. మా దగ్గర అట్లా నిలబడి ఒప్పుకున్న పని తీర్చకుండా ఎవరూ ఊరు విడిచి పోరు. పంతొమ్మిదేళ్ళవాడు అంతమందిలో లేచి తడబడకుండా మాట్లాడితే నాకు గర్వమనిపించింది. పైకి మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చున్నాను.

ఏప్రిల్ 17, గురువారం

గిద్యోను పేరు ఇచ్చి వచ్చాడట. చేవెళ్ల తాలూకాఫీసు ముందు జట్లు జట్లుగా కూర్చుని అరెస్టయిపోతున్న పిల్లల జాబితాలో. ఆ జాబితా రాసేది బాల్‌రాజ్, హాస్టల్లో వీడి గదిలోనే ఉండేవాడు. ఈ సంగతి వాడు అన్నం తింటూ, ఉప్పు అడిగినంత మామూలుగా చెప్పాడు.

ప్రత్యేక తెలంగాణ అడగడం తప్పని నేననలేదు. తప్పు కాదు. నాకు రావలసిన ప్రమోషను కుర్చీలో ఎవరు వచ్చి కూర్చున్నారో నాకు తెలియదా. కానీ సిటీలో తుపాకులు పేలిన సంగతి పేపర్లో చదివాను. అదీ కాక మొన్న మంగళవారం దవాఖానకు ఒక పిల్లవాణ్ణి తెచ్చారు, లాఠీ దెబ్బకు తల పగిలింది. కట్టు కట్టేముందు వెంట్రుకలు కత్తిరించింది నేనే. గిద్యోను లాగే రింగుల జుట్టు. ఇదంతా వాడికి వివరంగా చెప్పాను, ఎముక ఎట్లా కనబడిందో కూడా. వాడు తినడం ఆపలేదు.

వాడి తల్లి సరోజమ్మ ఏడవలేదు, గొడవ చేయలేదు. పప్పు గిన్నె వాడి ముందుకు జరిపి, "సంఘం ముందట నిలవడి ఒప్పుకున్న పనున్నది గద బిడ్డ. గా పని తీర్చి పో" అన్నది.

వాడు తల ఊపాడు. "సరె అవ్వ. బోర్డు తెచ్చిపెట్టి పోత."

ఇరవై రెండేళ్ళ కాపురంలో నా భార్య తెలివి నాకు ఇంకా పూర్తిగా అంతుబట్టలేదు.

ఏప్రిల్ 20

క్యారంబోర్డు అనేది తొందరపడి కొనే వస్తువు కాదు. ఇది సంఘం సొత్తు. నాలుగు చోట్ల చూడాలి. నాకు వేరే ఉద్దేశం ఏమీ లేదు.

ఏప్రిల్ 26, శనివారం

గిద్యోనూ నేనూ బస్సులో చేవెళ్ల పోయాం. పలకలు, బలపాలు, బంతులు అమ్మే దుకాణంలో రెండు బోర్డులు ఉన్నాయి. గిద్యోను స్ట్రైకరు తీసుకుని రెండు దెబ్బలు వేశాడు. కాయ వెళ్ళి చట్రానికి తగిలి ఎంత దూరం వెనక్కి వస్తుందో చూశాడు. వేలితో బోర్డు మీద తట్టి, చెవి దగ్గర పెట్టి విన్నాడు. "మంచిగనె ఉన్నది బాపు" అన్నాడు.

నేను జేబులోంచి సీసా తీశాను. పగిలిన థర్మామీటరులోని పాదరసం ఒక చిన్న సీసాలో దాచిపెట్టుకున్నాను, ఎప్పటికైనా పనికొస్తుందని. ఒక బొట్టు బోర్డు మధ్యలో వేశాను. అది నిలబడలేదు, జారి జారి ఎడమ మూలకు పోయింది. వంకర ఉన్నది, వద్దు అన్నాను. రెండో బోర్డు మీద వేశాను. అది కూడా ఎడమ మూలకే పోయింది. ఇదీ వంకరే అన్నాను. దుకాణదారు తన జన్మలో క్యారంబోర్డు మీద మందు వేసి చూసినవాణ్ణి చూడలేదని గొణిగాడు.

గిద్యోను వంగి, బోర్డు పెట్టిన బల్ల కాళ్ళ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

బస్టాండు దగ్గర ముంజలు తిన్నాం. వాడు వలిచి ఇస్తుంటే నేను తిన్నాను. చిన్నప్పుడు నేను వలిచి ఇచ్చేవాణ్ణి.

ఏప్రిల్ 27

గిద్యోను ఇంట్లోనే ఉన్నాడు. దేవునికి స్తోత్రం.

మే 3, శనివారం

మొయినాబాద్‌లో ఒక పంతులు తన పాత బోర్డు ఇస్తానన్నాడు. బదిలీ మీద పోతున్నాడట. బోర్డు అద్దంలా ఉన్నది. చట్రం రోజ్‌వుడ్. గిద్యోను మూడు కాయలు వరుసగా జేబుల్లో వేశాడు, ముఖం వెలిగిపోయింది.

చట్రం సందులో నల్లులు ఉన్నాయి అన్నాను. నిజానికి ఉన్నది ఒకటే. అయినా నల్లి నల్లే. దవాఖాన మనిషిని, తెలిసి తెలిసి చర్చిలోకి నల్లులను తేలేను.

మే 4

గిద్యోను ఇంట్లోనే ఉన్నాడు. సరోజమ్మకు మామిడి ముక్కలు కొట్టి ఇచ్చాడు. దేవునికి స్తోత్రం.

మే 11, ఆదివారం

బోర్డు ఏమైందని అయ్యగారు అడిగారు. లేచి నిలబడి, ప్లైవుడ్ ఎంత మందం ఉండాలి, తేమకు ఎట్లా ఉబ్బుతుంది, దుకాణం సరుకు ఎందుకు నమ్మరాదు అన్నీ వివరించాను. ముందు వరుసలో ఇద్దరు కునికారు. చివరికి, చేవెళ్లలో అంజిలయ్యతో చేయిస్తే చక్కగా ఉంటుందని తేల్చారు. అంజిలయ్య వడ్రంగి, బండి చక్రాలూ మంచాలూ చేస్తాడు. క్యారంబోర్డు ఎన్నడూ చేయలేదు. ఆ మాట నేను సంఘంలో చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

గిద్యోను కాగితం మీద కొలతలన్నీ గీసి పెట్టాడు. వాడి గీతలు ఎంత శుభ్రంగా ఉంటాయో. ఇంజనీరు కావలసినవాడు.

మే 17, శనివారం

అంజిలయ్య నన్ను డాక్టరు సాబ్ అంటాడు. ఒకసారి ఉలి దిగి వాడి బొటనవేలు చీలితే నేనే కుట్లు వేశాను. కాగితం తిప్పి తిప్పి చూసి పది దినాల్లో ఇస్తానన్నాడు. గిద్యోనును చాయ్ తెమ్మని పంపి, తొందర వద్దని, కట్టె బాగా ఆరాలని, వానలు పడి తగ్గేదాకా ఆగినా పరవాలేదని చెప్పాను. అంజిలయ్య నన్ను పైనుంచి కిందికి చూసి, "సమజయింది సాబ్" అన్నాడు. ఏం సమజయిందో నాకు తెలియదు. కట్టె ఆరాలన్నది మాత్రం నిజం.

మే 21

ఈ రోజుల గురించి రాసిపెట్టుకోవాలి. దవాఖాన నుంచి వచ్చేసరికి గిద్యోను అరుగు మీద బొగ్గుతో నాలుగు పలకల బోర్డు గీసి, మందు సీసాల మూతలు పేర్చి కూర్చుంటాడు. నాకు ఆట నేర్పుతున్నాడు. నా వేలికి ఎప్పుడూ గురి తప్పుతుంది. వాడు నా మణికట్టు పట్టుకుని, "గట్టిగ కాదు బాపు, జర మెల్లగ ఇడువు" అంటాడు. వాడి చేయి నా చేయి కంటే పెద్దదయింది. ఎప్పుడయిందో చూసుకోలేదు. సరోజమ్మ గడపలో కూర్చుని ఇద్దరినీ వెక్కిరిస్తుంది. నిన్న వచ్చి ఒక్క దెబ్బకు రెండు మూతలు లోపల వేసింది. పైగా, ఇందులో ఏమున్నదని ఇంత ఫికర్ చేస్తున్నారు అన్నది.

నా బిడ్డ ఇంట్లో ఉన్నాడు. ఇంతకంటే నాకు ఏమీ వద్దు.

మే 25

గిద్యోను ఇంట్లోనే ఉన్నాడు.

జూన్ 1

ఇంట్లోనే. దేవునికి స్తోత్రం.

జూన్ 7, శనివారం

బాల్‌రాజ్ వచ్చాడు. లోపలికి రమ్మంటే రాలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు. వారం వారం జట్టు పోతూనే ఉన్నదని, గిద్యోను పేరు ముందు జట్టు నుంచి వెనక జట్టుకు రాస్తూ వస్తున్నానని చెప్పాడు. ఎప్పుడు వస్తావని అడిగాడు.

"బోర్డు కాలేదు" అన్నాడు గిద్యోను, నేల చూస్తూ.

బాల్‌రాజ్ కోప్పడి ఉంటే బాగుండేది. సరేనని సైకిలు తిప్పుకుని పోయాడు. గిద్యోను ఆ రోజంతా అరుగు మీదికి రాలేదు. నేనొక్కణ్ణే మూతలు కొట్టుకున్నాను.

జూన్ 12

దవాఖానలో మందు కోసం నిలబడ్డ పిల్లలు మాట్లాడుకుంటున్నారు. నేను తెర వెనక మలాము కలుపుతున్నాను. మా వాణ్ణి వాళ్ళు బోర్డు గిద్యోను అంటున్నారు. బోర్డు అయ్యేనాటికి రాష్ట్రం కూడా వచ్చేస్తుందని ఒకడు అంటే మిగిలినవాళ్ళు నవ్వారు. దగ్గుతో వచ్చినవాడు కూడా నవ్వాడు. వాడికి చేదు మందే ఇచ్చాను. అది వాడికి రాయవలసిన మందే, కావాలని ఇవ్వలేదు.

ఇంటికి పోయాక సరోజమ్మకు చెప్పలేదు. గిద్యోనుకు ఆ పేరు తెలుసో లేదో. తెలియదనే అనుకుంటున్నాను.

జూన్ 21, శనివారం

ఇది అంతా రాయాలి, ఎంతసేపు పట్టినా.

పొద్దున మొదటి బస్సుకు ఒక్కణ్ణే చేవెళ్ల పోయాను. సరోజమ్మకు చెదల మందు తేవాలని చెప్పాను. గిద్యోను అప్పటికే మోకిలలో స్నేహితుణ్ణి చూసి వస్తానని వెళ్ళిపోయాడు. అంజిలయ్య దగ్గర నా పని ఒకటే, ఇంకొక నెల ఆపమని చెప్పడం.

కొట్టం మూలలో గోనెసంచి కప్పి ఏదో నిలబెట్టి ఉన్నది. సంచి తీశాను. బోర్డు. నలుచదరం, నున్నటి పలక, చుట్టూ టేకు చట్రం, గీతలు ఎర్రగా నల్లగా దిద్ది ఉన్నాయి. జేబులకు అల్లిన వల కూడా తగిలించి ఉన్నది. బండి చక్రాలు చేసే మనిషి చేసిన పనంటే నేనే నమ్మలేకపోయాను.

ఎప్పుడయిందని అడిగాను. అంజిలయ్య చేతిలోని బాడిస పక్కన పెట్టి నెమ్మదిగా చెప్పాడు. "నేను చెప్పిన పది దినాలకే అయింది సాబ్. మీరు ఆపుమన్నరు, ఆపిన. మీ పిలగాడు గూడ వారం వారం వస్తడు. వచ్చి దీన్ని తుడుస్తడు, జరసేపు కూసుంటడు, ఇంక కాలేదని చెప్పుమంటడు. తండ్రి చెప్పిందే కొడుకు చెప్తుండు, నాకేం పోయింది."

నేను పక్కనున్న చక్రం మీద కూర్చున్నాను. అప్పుడే గిద్యోను లోపలికి వచ్చాడు. మోకిలకు పోయిన గిద్యోను. నన్ను చూసి ఆగిపోయాడు. చెదల మందు కోసం వచ్చిన నేను వాణ్ణి చూస్తూ కూర్చున్నాను. అంజిలయ్య చాయ్ తెస్తానని బయటికి పోయాడు, మళ్ళీ చాలాసేపు రాలేదు.

బోర్డు తీసుకుపోదామని నేనే అన్నాను. మధ్యాహ్నం నుంచి బస్సులు బంద్. మా ఊరికి మూడు గంటల నడక. బోర్డును బోర్లించి తలల మీద పెట్టుకున్నాం, ముందు వాడు, వెనక నేను. సన్నగా తుంపర పడుతున్నది. బోర్డు కింద ఇద్దరమూ తడవలేదు. వాడి ముఖం నాకు కనబడదు, నాది వాడికి కనబడదు. వాడి మెడ, తడిసిన చెప్పులు మాత్రం కనబడుతున్నాయి.

రోడ్డు ఎక్కాక వాడు మాట్లాడాడు.

"బాపు, ఆ దినం దుకాణంల బల్ల వంకర. బోర్డు కాదు."

"తెలుసు" అన్నాను.

"నీకు తెలుసని నాకు ఎర్కనె."

బోర్డు మీద వాన చప్పుడు. తర్వాత వాడే అన్నాడు.

"నాకు భయమైతున్నది బాపు. పేరిచ్చిననాడు భయం కాలే. నువ్వు గా పిలగాని తల సంగతి చెప్పినవు సూడు, గప్పటిసంది. కండ్లు మూస్తె అదే కనవడుతున్నది. నువ్వు ఒక్కసారి వద్దు అంటె ఆగిపోదామనుకున్న. బాపు వద్దన్నడని బాల్‌రాజ్‌కు చెప్పుకుందును. నువ్వేమొ నాకు ప్లైవుడ్ మందం చెప్తివి."

నాకు నవ్వు రాలేదు. రెండు నెలలు నా బిడ్డను కాపాడుతున్నానని అనుకున్నాను. వాడి గుండెలో భయం పెట్టింది నేను. అది దాచుకోవడానికి వాడికొక సాకు కూడా అందించి, దాని పేరు మీద ఊరంతా నవ్వేలా చేసిందీ నేనే. ఒక్క మాట నోరు తెరిచి చెప్పలేని పిరికివాణ్ణి, కొడుకును పిరికివాణ్ణి చేశాను.

వద్దు అనే మాట ఇప్పుడు కూడా అనవచ్చు. వాడు అడుగుతున్నాడు. అంటే వాడు ఆగుతాడు, ఇంట్లోనే ఉంటాడు, నేను రోజూ దేవునికి స్తోత్రం అని రాసుకోవచ్చు. ఆ మాట నోట్లో పెట్టుకుని ఒక మైలు నడిచాను. చేతులు గుంజుతున్నాయి.

"నేను వద్దంటె, రేపటిసంది తల ఎత్తి తిరుగుతవా బిడ్డ" అని అడిగాను.

"తిరుగలేను" అన్నాడు.

"అయితె నేను అనను. నాకు నీకంటె ఎక్కువ భయమున్నది. అయినా అనను. చేవెళ్ల దాక నీ వెంబడి వస్త."

వాడి మెడ వణికింది. ఏడుస్తున్నాడని తెలిసింది. నేనూ ఏడ్చాను. ఎదురుగా వచ్చిన బండివాడు పెళ్ళిసామానా అని అడిగాడు. ఆటసామాను అన్నాడు గిద్యోను.

జూన్ 22, ఆదివారం

మాలో కొత్త వస్తువేదైనా ప్రార్థన చేశాకే వాడాలి. అయ్యగారు బోర్డు మీద చేయి పెట్టి, దీని చుట్టూ కూర్చునే పిల్లల మధ్య పగ లేకుండా ఉండునుగాక అన్నారు. మూతి ముడిచిన పెద్దలే ముందు వరుసలో కూర్చున్నారు. బోరిక్ పౌడరు దవాఖాన నుంచి తెమ్మని పిల్లలు అడిగారు. రోగుల పుండ్లకు వచ్చిన పౌడరు ఆటకు చల్లనివ్వనని ముందే దుకాణంలో కొని తెచ్చాను.

గిద్యోను సాయంత్రం దాకా నేర్పాడు. ఒక్కొక్కరి మణికట్టు పట్టుకుని, జర మెల్లగ అంటూ. నాతో కూడా ఒక ఆట ఆడాడు. నేను ఓడిపోయాను. కావాలని కాదు.

ఇంటికి వచ్చాక వాడే అవ్వకు చెప్పాడు, రేపు పోతానని. సరోజమ్మ నన్నే చూసింది. నేను వద్దంటానని ఎదురుచూసింది. నేను అనలేదు. ఆమె లేచి పోయి జొన్నపిండి కలపడం మొదలుపెట్టింది. నాతో మాట్లాడలేదు.

జూన్ 23, సోమవారం

దవాఖానకు సెలవు పెట్టాను. సర్కారు నౌకర్లు ఇట్లాంటి చోట్ల కనబడితే చర్య తీసుకుంటామని పోయిన నెలనే కాగితం వచ్చింది. అందుకని తాలూకాఫీసుకు ఎదురు హోటలు అరుగు మీద, స్తంభం చాటున కూర్చోవాలనే నిర్ణయించుకుని పోయాను. గిద్యోనుతో కూడా అదే చెప్పాను, వెనకనే ఉంటా, కనబడను అని.

నలుగురు అప్పటికే నేల మీద కూర్చుని ఉన్నారు. గిద్యోను వాళ్ళ దగ్గరికి పోయి నిలబడ్డాడు. బాల్‌రాజ్ ఏమీ అడగలేదు, బోర్డు అయిందా అని కూడా. పక్కకు జరిగి చోటిచ్చాడు. గిద్యోను కూర్చుని, సరోజమ్మ కట్టిచ్చిన రొట్టెల మూట ఒళ్ళో పెట్టుకున్నాడు. మోకాళ్ళు ఊపుతున్నాడు. వాడికి భయం వేస్తే చిన్నప్పటి నుంచీ అంతే.

పోలీసు వ్యాను పదకొండింటికి వచ్చింది. ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఒక్కొక్కరినే లేపి ఎక్కించారు. గిద్యోను చివరివాడు. ఎక్కి, కిటికీ జాలీ దగ్గరికి వచ్చి జనంలో వెతకడం మొదలుపెట్టాడు. హోటలు వైపు చూస్తున్నాడు గానీ స్తంభం అడ్డం. వ్యాను కదిలింది. వాడు ఇంకా వెతుకుతున్నాడు.

నేను అరుగు దిగాను. జనాన్ని తోసుకుని రోడ్డు మధ్యకు వచ్చి, జై తెలంగాణ అని అరిచాను. దవాఖాన గుమ్మంలో తర్వాతివాళ్ళను పిలవడానికి తప్ప నేనెన్నడూ గొంతు ఎత్తినవాణ్ణి కాదు. సగంలోనే గొంతు విరిగింది. మళ్ళీ అరిచాను. నా చేతి మందు తాగిన జవాను ఒకడు గుర్తుపట్టి కళ్ళు పెద్దవి చేశాడు, చేస్తే చేసుకోనీ. చుట్టుపక్కల వాళ్ళంతా అందుకున్నారు. ఆ అరుపుల్లో నాది ఏదో నాకే తెలియలేదు. వాడు ఇటు తిరగకముందే వ్యాను మలుపు తిరిగిపోయింది.

ఇంటికి వచ్చేసరికి సరోజమ్మ వాకిట్లో నిలబడి ఉన్నది. నిన్నటి నుంచి మొదటిసారి మాట్లాడింది. "పిలగాడు నిన్ను సూసిండా" అని అడిగింది.

చూశాడని చెప్పాను. నా గొంతు విని ఇటు తిరిగాడని, చేయి ఊపాడని, నవ్వాడని కూడా చెప్పాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, అన్నం పెడతా రా అన్నది.

గిద్యోను నన్ను చూశాడు. చేయి ఊపాడు. ఇక్కడ కూడా అదే రాస్తున్నాను.